రాళ్లదొడ్డిలో పుష్పధ్యానం

గట్టు మండలం రాళ్లదొడ్డి గ్రామంలో పత్తిచేనులో చేసేది కూలిపని కాదనీ, అది ధ్యానమనీ గత వానాకాలంలో అధికారికంగా నిర్ధారణ అయింది. నిర్ధారించినవారు వనపర్తికి చెందిన సర్వమంత్ర సమ్మేళన ధ్యానపీఠం వారు. అంతకుముందు ఆ చేన్లలో నడుము వంచిన ఆడవాళ్ళు, ఇన్నేళ్ళుగా తాము చేస్తున్నది ధ్యానమని తెలియక, పాపం, సాయంత్రం కాగానే కూలి అడుగుతూ వచ్చారు. తెలియక చేసిన తప్పు కాబట్టి పీఠంవారు వాళ్ళను పెద్దమనసుతో క్షమించారు. పాత కూలి వెనక్కి కట్టమని కూడా అడగలేదు.

ఈ మహత్కార్యానికి తొలి చేను ఇచ్చిన ఘనత వెంకటయ్యది. ఆయనకు సొంతానికి రెండు బండల నడుమ కొంచెం చెలక ఉంది. అందులో కంది వేస్తే కుందేళ్ళు సంతోషిస్తాయి. ఇల్లు గడిచేది మాత్రం గద్వాలలో ఉండే శివకుమార్ సారు దగ్గర కౌలుకు తీసుకున్న రేగడి మీదే. ఏటా అందులో సీడు పత్తి వేస్తాడు.

భక్తి విషయంలో వెంకటయ్య ఏకపక్షం మనిషి కాదు. జేబులో జోగులాంబ కుంకుమ పొట్లం, దండకు దర్గా తాయెత్తు, ఇంటి గూట్లో పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె సీసా. ఏ వేళకు ఏ దేవుడు పనిలో ఉంటాడో మనకేం తెలుసని ఆయన వాదం. సొంత చెలకలో బోరు వేయించినప్పుడు కూడా ఈ సమభావాన్ని వదల్లేదు. అయ్యగారు కొబ్బరికాయ నిలబెట్టిన చోట ఒకటి, పాస్టరుగారు మోకరించిన చోట ఒకటి, దర్గా ముజావరు చూపించిన చోట ఒకటి వేయించాడు. మూడింట్లోనూ దుమ్మే లేచింది. రాళ్లదొడ్డిలో మూడు మతాలూ ఒక్క మాట మీద నిలబడడం అదే మొదటిసారి.

సీడు పత్తి సంగతి తెలియనివారికి ఒక మాట. మామూలు పత్తి తనంతట తానే పూసి, తనంతట తానే కాస్తుంది. విత్తన కంపెనీల కోసం సంకరం గింజ పండించే సీడు పత్తికి ఆ స్వేచ్ఛ లేదు. చేనులో ఆడ సాళ్ళు వేరు, మగ సాళ్ళు వేరు. మర్నాడు విచ్చుకోబోయే ఆడ మొగ్గను సాయంత్రమే పట్టుకుని, గోటితో పైరేకలనూ పుప్పొడినీ గిల్లిపారేసి, నడిమి కాడను మాత్రం మిగల్చాలి. గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. పొద్దున్నే మగ సాలులో పువ్వు తెంపుకొచ్చి ఆ కాడకు రుద్దాలి. మధ్యాహ్నం దాటితే పువ్వు పనికిరాదు. గిల్లడం మరిచిన మొగ్గ తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. అలాంటి గింజలు కలిశాయంటే కంపెనీవాళ్ళు సంచి ముట్టరు. ఈ పనిని అక్కడివాళ్ళు క్రాసింగ్ అంటారు. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, ఆడదేదో మగదేదో తెలిస్తే చాలు.

వెంకటయ్య చేనులో క్రాసింగ్ చేసేది సారమ్మ ముఠా. వాళ్ళు మౌనంగా పనిచేసిన దాఖలా ఎక్కడా లేదు. సారమ్మ సాలు మొదట్లో “స్తోత్రం తండ్రీ” అని వంగేది. పక్క సాలులో యాదమ్మ “అమ్మా జోగులాంబా” అని వంగేది. ఆ తర్వాత దేవుళ్ళిద్దరినీ గట్టు మీద కూర్చోబెట్టి, ఊళ్ళో కోడళ్ళ సంగతులు మొదలుపెట్టేవాళ్ళు. వెంకటయ్యకు వాళ్ళ ప్రార్థనలతో పేచీ లేదు, కబుర్లతోనూ లేదు. ఆయన పేచీ అంతా సాయంత్రం వాళ్ళు చాచే చేతులతోనే. ఏటేటా కూలి పెరుగుతోంది. దాని మీద ఆటో కిరాయి, ఆపైన చాయ్.

ఈసారి ఆయనకు ఇంకో గుబులు కూడా ఉంది. పోయినేడు ఆయన గింజ కంపెనీ పరీక్షలో చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు గట్టెక్కింది. ఈ ఏడు గనక ఫెయిలైతే కౌలు ఇంకొకరికి ఇస్తానని శివకుమార్ సారు ముఖం మీదే చెప్పేశాడు. కౌలు పోతే ఇంటిల్లిపాదీ బతికేది రెండు బండల నడుమ కంది మీద, అదీ కుందేళ్ళు దయతలిస్తే. కాబట్టి వెంకటయ్య దేవుళ్ళందరికీ వరసగా మొక్కాడు. ఆ మొక్కులు ఎవరికి చేరాయో తెలియదు గానీ, వెంటనే ప్రేమ్ కుమార్ గురూజీ దిగాడు.

గురూజీ పూర్వాశ్రమంలో వనపర్తి రోడ్డు పక్కన ప్లాట్లు అమ్మేవాడు. గిరాకీ పడిపోయాక నేలను వదిలి ఆకాశం అమ్మడం మొదలుపెట్టాడు. దానికి హద్దురాళ్ళ తగాదా లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు. ఒక్క దేవుణ్ణే పట్టుకుంటే మిగతా భక్తులు చెయ్యిజారిపోతారని గ్రహించి, అన్ని మతాల మంత్రాలనూ ప్రార్థనలనూ కలిపి ఒకే కోర్సుగా తయారుచేశాడు. అది ఓంకారంతో బయలుదేరి, హల్లెలూయా మీదుగా, బుద్ధం శరణం దగ్గర కాసేపు ఆగి, సూఫీల జపం తగిలి, చివరికి మౌనంలో దిగుతుంది. మధ్యలో ఎక్కేవారికీ దిగేవారికీ ఛార్జీ ఒకటే. ఏ మంత్రానికీ ఆయన అర్థం చెప్పడు. అర్థం తెలిస్తే ఏకాగ్రత చెడుతుందని ఆయన పరిశోధనలో తేలింది.

గట్టులోని ఫంక్షన్ హాలులో సీడు రైతులకు ఆయన ఉపన్యాసం ఏర్పాటైంది.

“ఆత్మబంధువులారా! ఇన్నాళ్ళూ మీరు పత్తిని పండిస్తున్నామనుకున్నారు. కాదు! పత్తి మిమ్మల్ని పండిస్తోంది! ఒక మొగ్గ, ఒక శ్వాస, ఒక మంత్రం. ఇదే పుష్పధ్యానం. మహానగరంలో మా సాధకులు మనశ్శాంతి లేక అల్లాడిపోతున్నారు. ఆ మనశ్శాంతి మీ చేన్లలో కుప్పలుగా పడి ఉంది. మీరేమో కూలి ఇచ్చి మరీ దాన్ని ఇతరులకు ధారపోస్తున్నారు! ఇక చాలు. మా సాధకులే వస్తారు. మీ సాళ్ళలో వంగుతారు. మీరు రూపాయి ఇవ్వక్కరలేదు, రుసుము వాళ్ళే చెల్లిస్తారు. ఫీజు పీఠానికి, పుణ్యం సాధకులకు, పని మీకు!”

వెంకటయ్య పక్కనున్నాయన్ను రెండుసార్లు గిల్లి, తాను విన్నది నిజమేనా అని అడిగాడు. డబ్బు కట్టి పనిచేసే కూలీలు! అరచేతిలో వైకుంఠం అంటే ఇదే కాబోలనుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అవి భక్తిబాష్పాలని పీఠంవారు ఫోటో తీసుకున్నారు. తొలి చేను తనదే కావాలని ఆయన అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

ఇంటికి వచ్చి చెబితే భార్య ధనలక్ష్మికి నమ్మకం కుదరలేదు.

“ఏమయ్యా, పైసలు గట్టి నడుము వంచెటోళ్ళు యాడన్న ఉంటరా?”

“ఉన్నరే. పట్నంల శానమంది ఉన్నరంట. వాళ్ళకు నిద్ర పడ్తలేదంట.”

“నిద్ర పట్టనోళ్ళు దవాఖానకు పోవాలె గని మన చేన్లకెందుకు?”

“నీకు తెల్వదు, ఊకో. గురూజీకి అన్ని మంత్రాలొస్తయి.”

“మంత్రాలొస్తే రానియ్. క్రాసింగొస్తదా? అడిగినవా?”

అడగలేదు. అంతటి మహానుభావుణ్ణి అటువంటి చిల్లర ప్రశ్న అడగడం మర్యాద కాదని ఆయనకు అనిపించింది.

రెండు మూడు రోజులకు సారమ్మ వచ్చింది. ఏటా వచ్చినట్టే కొంగు నడుముకు చెక్కుకుని, వాకిట్లో నిలబడి పిలిచింది.

“వెంకటన్నా, మొగ్గ తయారైంది. రేపటి సంది రావాల్నా?”

వెంకటయ్య మెడ గోక్కున్నాడు. “ఈపారి వద్దులే సారక్కా. ధ్యానమోళ్ళొస్తుండ్రు.”

“ధ్యానమోళ్ళా? గద్వాల దిక్కోళ్ళా, రాయచూరు దిక్కోళ్ళా? కూలి ఎంతకు మాట్లాడినవు?”

“కూలి తీసుకోరు. వాళ్ళే ఎదురిస్తరు.”

సారమ్మ ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది. “అన్నా, నీ పానం మంచిగున్నదా?” అని మెల్లగా అడిగింది. ఎండలో తిరిగే మనిషి, ఏమైనా తగిలిందేమోనని ఆమె భయం. నిజమేనని తెలిశాక గడప మీద కూలబడింది. “నాలుగు దినాలు క్రాసింగ్ చేస్తేనే మాకు యేడంతా బువ్వ. గది తెల్సుగదన్నా నీకు?”

తెలుసు. వెంకటయ్యకు మనసు చివుక్కుమంది. మనసు చివుక్కుమన్నప్పుడు తీయాల్సిన శ్వాస ఒకటి గురూజీ ఫంక్షన్ హాలులో నేర్పి ఉన్నాడు. అది తీశాడు. తగ్గిపోయింది.

పీఠంవారు కూడా స్థానిక మహిళలను గాలికి వదిలేయలేదు. వారికి సగం రుసుముతోనే పుష్పధ్యానంలో ప్రవేశం కల్పిస్తున్నట్టు ఒక కార్యకర్త వచ్చి ప్రకటించాడు. “అంటే సగం పైసలు గట్టి నా పని నేనే చేయాల్నా?” అని సారమ్మ అడిగింది. ఇంత తొందరగా ఇంత లోతుగా గ్రహించినవారిని తాను నగరంలో కూడా చూడలేదని కార్యకర్త మెచ్చుకున్నాడు. ఊళ్ళో మిగతా సీడు రైతులు కూడా సాధకుల రెండో బస్సు తమ చేనుకే వస్తుందని కూలీలను పిలవకుండా ఆగారు. ఊరంతా ధ్యానం కోసం ఎదురుచూస్తుంటే తిండి కోసం చూడడం తప్పని సారమ్మకు తెలిసొచ్చినట్టుంది. ఆమె చెల్లెలు ఎస్తేరు హైదరాబాదు మియాపూర్‌లో ఇళ్ళలో పనిచేస్తోంది. ముఠాను వెంటబెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళిపోయింది. రెండో బస్సు రాలేదు. మిగతా రైతులు చివరికి రాయచూరు వైపు నుంచి ఎక్కువ కూలికి మనుషుల్ని తెచ్చుకున్నారు.

మొదటి బస్సు మాత్రం వచ్చింది. చల్లగాలి బస్సు. అందులోంచి తెల్లబట్టల సాధకులు దిగారు. టోపీలు, చాపలు, ముఖాలకు ఎండ తగలకుండా తెల్లటి పూత. వాళ్ళలో ముఖ్యుడు విజయ్ అనే సాఫ్ట్‌వేరు ఉద్యోగి. మర్యాదస్తుడు. చేనుకు నమస్కారం పెట్టాడు, వెంకటయ్యకు నమస్కారం పెట్టాడు, అడ్డం వచ్చిన బర్రెకు కూడా పెట్టాడు. చేనులో మంత్రం తప్ప మరో మాట మాట్లాడడం నిషేధం కాబట్టి అందరి మెడల్లోనూ ‘మౌని’ అని రాసిన బిళ్ళలు వేశారు. వెంకటయ్యకు కూడా ఒకటి వేశారు.

వంగబోయే ముందు గురూజీ చివరి ఉపదేశం చేశాడు. “సాధకులారా! ఇక్కడ కొందరు ఆడ సాళ్ళు, మగ సాళ్ళు అంటారు. ఆ భేదం మాయ. ఈ చేను మొత్తం ఒకే చైతన్యం. మీరు ఏ సాలులో నిలబడితే అదే మీ సాలు.” తత్వశాస్త్రంలో ఈ మాటకు తిరుగులేదు. సీడు పత్తిలో మాత్రం అంతకు మించిన ప్రమాదకరమైన మాట ఇంకోటి లేదు. వెంకటయ్య నోరు తెరిచాడు. కార్యకర్త ఆయన మెడలోని బిళ్ళ చూపించాడు. నోరు మూసుకున్నాడు.

పుష్పధ్యానం మొదలైంది. ఒక సాధకురాలికి మొగ్గను గిల్లడం హింస అనిపించింది. దాన్ని రెండు చేతుల మధ్య పొదువుకుని, మనసులో క్షమాపణ చెప్పి, కన్నీళ్ళు పెట్టుకుని, గిల్లకుండా వదిలేసింది. ఆమె కరుణ చూసి మరికొందరు అదే దారి పట్టారు. ఇంకో సాధకుడు ఏ మతానికీ అన్యాయం జరగకూడదని ఒక మొగ్గకు ఓంకారం, దాని పక్కదానికి స్తోత్రం, ఆ పక్కదానికి జపం వంతులవారీగా వినిపించాడు. మొగ్గలు కూడా ఎలాంటి మతకలహానికీ దిగకుండా, ఎవరి పుప్పొడితో అవి సుఖంగా కాయలు కట్టుకున్నాయి. ఎర్ర కాగితాలు మాత్రం అందరికీ నచ్చాయి. గిల్లని మొగ్గలకు కూడా అందం కోసం తొడిగారు. పొద్దుటి పూట సమ్మేళన మంత్రం ముగిసి, జొన్నరొట్టెల ఫలహారమై, ఫోటోలు పూర్తయ్యేసరికి మగ పువ్వులు వాడిపోయేవి. వాడిన పువ్వులోనూ ఒక సందేశం ఉందని గురూజీ చెప్పేవాడు.

వీళ్ళందరిలో గిల్లడం బాగా ఒంటబట్టిన ఏకైక సాధకుడు విజయ్. ఆయన దీక్షగా, చకచకా, ఒక్క మొగ్గ వదలకుండా గిల్లుతున్నాడు. అయితే మగ సాలులో గిల్లుతున్నాడు. చేనుకంతటికీ పుప్పొడి ఇవ్వాల్సిన సాలును నున్నగా గుండు చేస్తున్నాడు.

గట్టు మీది నుంచి అది చూసిన వెంకటయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి. అరవడానికి లేదు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. తర్వాత చేతులు గాలిలో అడ్డంగా ఊపాడు. విజయ్ తలెత్తి చూసి, ఇదేదో కొత్త ముద్ర అనుకుని, తానూ చేతులు నెత్తిన పెట్టుకుని, గాలిలో ఊపాడు. వెంకటయ్య ఇంకా గట్టిగా ఊపాడు. సాధకులందరూ పని ఆపి, ఇంకా గట్టిగా ఊపారు. వెంకటయ్య మగ సాలును చూపిస్తూ గుండె బాదుకున్నాడు. అందరూ మగ సాలు వైపు తిరిగి గుండెలు బాదుకున్నారు. చివరికి ఆయన మోకాళ్ళ మీద పడి, చేతులు జోడించి, వద్దని తల అడ్డంగా తిప్పుతూ ఏడ్చాడు. చేనంతా మోకాళ్ళ మీద పడింది. కొందరికి నిజంగానే ఏడుపు వచ్చింది. ఇంతటి ప్రశాంతత తాము ఏ ఆశ్రమంలోనూ పొందలేదని ఆ సాయంత్రం సాక్ష్యం చెప్పారు.

కార్యకర్త తీసిన ఆ వీడియో ఫోన్ల నిండా తిరిగింది. దానికి ‘గట్టు ముద్ర’ అని పేరు పెట్టారు. నెత్తిన చేతులు అహంకార నిర్మూలన, గుండె బాదుకోవడం హృదయచక్ర జాగృతి, మోకాళ్ళ మీద పడడం శరణాగతి అని గురూజీ వ్యాఖ్యానం రాశాడు. నాగర్‌కర్నూలులో సర్వమత శాంతి సభ పెట్టి వెంకటయ్యకు శాలువా కప్పారు. అక్కడ పంట కోసం ముగ్గురు మతపెద్దలు ప్రార్థన చేశారు. అయ్యగారి మంత్రం కంటే పాస్టరుగారి ప్రార్థన పొడుగైంది. దానికంటే ముజావరుగారి దువా పొడుగైంది. అది గమనించి అయ్యగారు శాంతి మంత్రం మిగిలిపోయిందంటూ మైకు మళ్ళీ అందుకున్నారు. మైకు కోసం కాసేపు ముగ్గురి మధ్యా శాంతి కొరవడింది. పత్తి పేరు మాత్రం ముగ్గురూ మరిచిపోయారు. దాపరికం ఎందుకు, శాలువా భుజాన పడ్డాక వెంకటయ్య కూడా మరిచిపోయాడు. జీవితంలో ఆయనకు కప్పిన మొదటి శాలువా అది.

శాలువాతోనే చేనుకు వచ్చేసరికి కంపెనీ ఆర్గనైజరు శ్రవణ్ కుమార్ గట్టు మీద నిలబడి ఉన్నాడు. రైతులకు మూల విత్తనం ఇచ్చేదీ, పండిన గింజను పరీక్షకు పంపేదీ ఆయనే. వేరే ఊళ్ళు చూసుకుని అప్పుడే వచ్చాడు.

“ఏందన్నా గిది? ఆడ సాళ్ళల్ల గిల్లినట్టే లేదు. మగ సాళ్ళకు గుండు గీసిండ్రు! ఎవడు చేసిండు గిట్ల?”

వెంకటయ్య మెడలోని బిళ్ళ చూపించాడు.

“నోరు తెరువన్నా! పంట పోతుంటే మౌనమేంది?”

“మరి... సాధన నడుమల ఉన్న” అన్నాడు వెంకటయ్య గొంతు తగ్గించి.

“సాధన సంగతి తర్వాత. ముందు సారమ్మను పిలువు. ఉన్న మొగ్గలన్న దక్కుతయి.”

అప్పుడు వెంకటయ్య ఫోన్ తీశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మన రైతును మించినవాడు లేడు.

“సారక్కా, జర తిరిగి రావే. తప్పయింది.”

“యాడికొస్తనన్నా? ఈడ ఇండ్లల్ల కుదిరిన. నడుమల ఇడిసిపెడ్తే మళ్ళ పెట్టుకోరు. ముఠా గూడ ఎవ్వరింట్ల వాళ్ళు కుదిరిండ్రు.” ఆమె గొంతులో కోపం లేదు. వెనక నుంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

ఆ సాయంత్రం ఆయన గురూజీ కాళ్ళ మీద పడ్డాడు. ప్రకృతి తనను తాను సరిచేసుకుంటుందని గురూజీ అభయమిచ్చాడు. ప్రకృతి సరిచేసుకోలేదు. ఉన్న కాయలు ఏరి గింజ ఇచ్చాక, కంపెనీవాళ్ళు దాన్ని తమ పొలంలో మొలిపించి చూశారు. తండ్రి పోలిక ఒక్కదానికీ లేకుండా, రావాల్సిన సంకరం మొక్కల చోట పాత ఆడ మొక్కలే తలలూపుతూ లేచాయి. సంచులన్నీ తిప్పి పంపారు. అప్పులవాళ్ళు ఆ సంచుల వెనకే వచ్చారు.

గురూజీ ఈ ఫలితాన్ని ఎంతో ఆనందంగా స్వీకరించాడు. “చూశారా! పరీక్షలో భేదం కనిపించలేదు. తల్లి వేరు, బిడ్డ వేరు అన్న ద్వైతం నశించింది. ప్రపంచంలో ఇదే మొట్టమొదటి అద్వైత విత్తనం!” అని ప్రకటించి, సంచులను వచ్చిన ధరకు కొని, గింజలను చిన్నచిన్న పట్టుసంచుల్లో కట్టించి, కారు అద్దాలకు వేలాడదీసుకునే రక్షలుగా అమ్మించాడు. అవి బాగా పోయాయి. గట్టు రోడ్డులో ఇప్పుడు ఆ సంచి వేలాడని కారు కనిపించదు.

కౌలు సంగతి తేలడానికి వెంకటయ్య గద్వాల వెళ్ళాడు. శివకుమార్ సారు తిడతాడనుకున్నాడు. ఆయన నవ్వుతూ ఎదురొచ్చి కుర్చీ వేశాడు.

“నీ మీద నాకు కోపం లేదు వెంకటయ్యా. నేను గూడ మొన్న పుష్పధ్యానం చేసిన. మనసు ఎంత తేలికైందో! కోపం, లోభం అన్నీ పోయినయి.”

“అయితే సారూ, కౌలు...”

“పీఠానికి రాసిచ్చిన. మంచి రేటు ఇస్తుండ్రు.”

అలా రాళ్లదొడ్డి రేగడిలో శాశ్వత పుష్పధ్యాన క్షేత్రం వెలిసింది. ఇప్పుడక్కడ పత్తి మొక్కలను కేవలం ధ్యానం కోసమే పెంచుతున్నారు. దిగుబడి అనే తుచ్ఛమైన ఆలోచన లేదు. ఇక్కడిదాకా చదివినవారిలో కొందరు ఫీజు ఎంతో చెప్పలేదేమని లోలోపల విసుక్కుంటున్నారని తెలుసు. ఈ సీజనుకు సీట్లు అయిపోయాయని మాత్రం మనవి.

వెంకటయ్య, ధనలక్ష్మి ఇంటికి తాళం వేసి హైదరాబాదు బస్సెక్కారు. అక్కడ తెలిసిన మనిషి ఒక్క సారమ్మే. ఏ ముఖం పెట్టుకుని అడగాలో తెలియక వెంకటయ్య మియాపూర్ బస్టాపులో నేల చూస్తూ నిలబడ్డాడు. ధనలక్ష్మి ఫోన్ చేస్తే సారమ్మ వచ్చి ఆమె చేతిలోని సంచి అందుకుంది. “రారి, ముందు ఇంత తిందురు. ఈడ వంగుడుకు కూలి ఇస్తరు, భయపడకురి” అంది. ఆ మాట ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. అందుకే వెంకటయ్యకు దుఃఖం ఆగలేదు.

ఆమె చూపించిన అపార్టుమెంటులో కాపలా పని ఖాళీగా ఉంది. మాట్లాడదామని వెళితే కమిటీ తరఫున కిందికి దిగివచ్చింది విజయ్. వెంకటయ్యను చూడగానే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. “గురువుగారూ! మీరా!” అని అక్కడే, కార్లు పెట్టే చోట, వంగి కాళ్ళకు దండం పెట్టాడు. పైకి లేచి, గేటు తాళాలు చేతికిచ్చి, రాత్రిపూట నిద్రపోకూడదని చెప్పాడు. ధనలక్ష్మిని తమ ఇంట్లో గిన్నెలు తోమడానికి రమ్మన్నాడు. గురుపత్ని చేతి స్పర్శ తన ఇంటికి అదృష్టమని కూడా అన్నాడు.

మర్నాడు పొద్దున ధనలక్ష్మి వంటింట్లో పనికి దిగింది. వెంకటయ్య నీళ్ళ క్యాను భుజాన పెట్టుకుని పైకి వచ్చాడు. హాలులో చాప మీద విజయ్ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. స్పీకరులో సమ్మేళన మంత్రం హల్లెలూయా దాటి బుద్ధం శరణం వైపు వెళుతోంది. ఇంతలో ధనలక్ష్మి చేతిలోంచి ఇత్తడి గిన్నె జారి గణగణమని మోగింది.

విజయ్ కళ్ళు తెరిచాడు. కోప్పడలేదు. చెప్పాను కదా, మర్యాదస్తుడు.

“పర్లేదమ్మా. కొంచెం నిదానంగా... ఒక్కో గిన్నె మీద మనసు పెట్టి, శ్వాసను గమనిస్తూ...”

ధనలక్ష్మి చేతులు ఆగిపోయాయి. ఈ ధోరణి ఆమెకు తెలుసు. ఇది ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో కూడా తెలుసు. కొంగుతో చేతులు తుడుచుకుని గుమ్మంలోకి వచ్చింది.

“సారూ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. గిప్పుడు నేను చేసేది పనా, ధ్యానమా?”

వెంకటయ్య క్యాను కింద పెట్టి చేతులు జోడించాడు. ఓంకారం గుర్తుకు రాలేదు. స్తోత్రం గుర్తుకు రాలేదు. ఏ దేవుణ్ణి పిలవాలో పేరు కూడా తట్టలేదు. జోడించిన చేతులతోనే నిలబడ్డాడు.

విజయ్ నిజాయితీగా ఆలోచించాడు. వంటింటి తొట్టిలోని జిడ్డు గిన్నెల కుప్పను చూశాడు. తర్వాత శుభ్రంగా ఉన్న తన చేతులు చూసుకున్నాడు.

“పనేనమ్మా” అన్నాడు.

ధనలక్ష్మి “అమ్మయ్య” అని లోపలికి వెళ్ళి, మళ్ళీ గిన్నె అందుకుంది. వెంకటయ్య గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఈ కథ మొత్తంలో ఫలించిన ప్రార్థన ఇదొక్కటే.